తోతా మెడ మీద గుండు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాపలాదారు మొగిలప్ప
బంగారుపాళెం నుంచి తిరుపతికి
కాయల క్రేటులో దాన్ని పెట్టుకొచ్చినాడు.
కింద గోనెసంచి, పైన తన చొక్కా.
పేరు అడిగితే "తోతాపురి మేడం, తోతా అంటాం" అన్నాడు.
వయసు అడిగితే వేళ్ళ మీద సీజన్లు లెక్కేసినాడు.
"ధర పడిపోయి కాయలు రోడ్డున పారబోసిన యేడు
లారీ కింద దొరికింది."
ఎనిమిదేళ్ళు అని రాసుకున్నాను.

ఎడమ కన్ను ఎర్రగా, పొగ పట్టిన లాంతరు గ్లాసులా.
తల ఓ పక్కకి వాలింది.
వెనక కాలు ఒకటి నేలని గీరుతా వస్తోంది.

ఊళ్ళో అందరూ పిడుదు జ్వరమన్నారు.
మేమూ ముందు అదే అన్నాం.
ఈ పక్క కుక్కకి ఏం వచ్చినా
నింద మొదట పిడుదు మీదికే పోతుంది.
నెల రోజులు మాత్రలు మింగింది.
ఎవరో ఓ సూది వేస్తే
వారం పాటు కన్ను తేటపడింది, తోక ఆడింది,
మొగిలప్ప లోడింగు కూలీలందరికీ టీ పోయించినాడు.
నాకు ఆ వారం మీదే అనుమానం.
ఆ సూది జబ్బుని తరమదు,
దాని మొహానికి ముసుగేస్తుంది.

"రేత్రి తోపులో బ్యాటరీ లైటు ఏస్తే
రెండు పచ్చ దీపాలు అగపడేవి మేడం.
ఉగాది దాటినాక ఒకటే ఎలగతా ఉంది.
లైటులోనే లోపమేమోనని కొత్త సెల్లులు ఏసినా."
ఇంత మాటనీ నేను కేసు షీటులో
"చూపు మందగించింది" అని రాసినాను.
రెండు మాటలకి కుదించడమే మా చదువు.

తల లోపలి ఫోటోకి మద్రాసు పోవాలి.
ఆ ఖర్చు విని ఆయన క్రేటు అంచు తడుముకున్నాడు.
ఇక మిగిలింది సూదే.
మత్తిచ్చి, పుర్రెకీ మొదటి వెన్నుపూసకీ నడుమ
అరచేయంత మేర వెంట్రుకలు గీసేసినాం.
తలుపు సందులోంచి చూసి మొగిలప్ప
"గుండు కొట్టినారా? సరే,
కొండెక్కకనే మొక్కు తీరిపోయింది" అన్నాడు.
నవ్వినాడో లేదో, నేను తలెత్తలేదు.

సూది మొదట్లో ఒక బొట్టు ఉబ్బింది.
ముంజె నీళ్ళకన్నా తేట.
ఇంత తేటగా ఉందే, ఏమీ లేదేమో అని
ఒక్క నిమిషం ఆశపడ్డాను.
ఆ నీళ్ళలో కణాలు గంటసేపు ఆగవు, చెదిరిపోతాయి.
వరండాలో పరుగెత్తినాను.
సెంట్రిఫ్యూజు తిరుగుతుండగా కరెంటు పోయింది.
జెనరేటరు అందుకునేదాకా
కొండకి పోయే బస్సుల హారన్లు లెక్కపెట్టినాను,
పదకొండు.

మొదటి స్లైడులో ఏమీ లేదు.
రెండోదాంట్లో ఉన్నాయి.
గుండ్రంగా, ముదురు నీలంగా,
నేరేడు పండంతా గింజే అయిపోయినట్టు
కణమంతా కేంద్రకమే.
కంటి నీళ్ళ స్లైడులోనూ అవే.
కంట్లో ఒక కాపురం, మెదడు పొరల్లో ఒక కాపురం,
రెండిళ్ళకీ ఒకే ఇంటిపేరు:
లింఫోమా.

ఒంటికి కాపలా ఉండాల్సిన కణాలే ఇవి.
కాపలాదారుకి ఇదెట్లా చెప్పేది?
చెప్పినాను. ఎట్లా చెప్పినానో గుర్తులేదు.
ఆయన చాలాసేపు నేల చూసి
"అయితే పిడుదు కాదు గదా" అన్నాడు.
"దినామూ ఏరేసేవాణ్ణి మేడం.
ఒకటి మరిచిపోయినానేమో, నా పాపమేమో అని
నిద్ర పట్టలే."

కాదు, అన్నాను. పిడుదు కాదు.
ఆ రోజు నేను ఇవ్వగలిగిన మందు అదొక్కటే.

తోతా మత్తులోంచి లేచి
బల్ల కాలిని గుద్దుకుని, నిలబడి,
ఆయన వాసన ఎటుందో అటు నడిచింది.
"సీజను అయ్యేదాకా ఉంటాదా?
రేత్రిళ్ళు ఒక్కణ్ణే ఉండాల."
మందులు పెడితే కొన్ని నెలలు, పెట్టకుంటే వారాలు,
పుస్తకంలో ఉన్నదే అప్పజెప్పినాను.

క్రేటు ఎత్తుకుని గేటు దాటేటప్పుడు
చొక్కా జారి
నున్నటి ఆ మెడ ఎండకి మెరిసింది.
అక్కడ వెంట్రుకలు మొలవడానికి
ఎన్ని వారాలు పడుతుందో
ఇందాకటి నుంచీ లెక్కేస్తున్నాను.